రెక్కమందారం మీది చీమలు

ఉంగుటూరు,
బుధవారం మధ్యాహ్నం.

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ అత్తయ్యగారు, మామయ్యగారు, నేను, గేదె, దాని దూడ, అందరం కులాసా. మీరూ వేళకి తింటూ, ఆ ఒడిశా రొయ్యల చెరువుల గట్ల మీద తలకి తువ్వాలు లేకుండా తిరక్కుండా, కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను.

మీరు వెంకట్రాజు అన్నయ్య చేత పంపిన చీటీ అందింది. ఎండురొయ్యల పొట్లం కూడా అందింది. పొట్లం అత్తయ్యగారు డబ్బాలో పోసుకున్నారు. చీటీ మాత్రం అన్నయ్య నా చేతికే ఇచ్చాడు. "చేపల లోడు మీద ఉత్తరాలు పంపుకునే మొగుడూ పెళ్ళాలు ఈ రోజుల్లో మీరిద్దరే చెల్లాయ్! బాలాసోర్ దగ్గర లారీ ఆపితే మీ ఆయన పోస్టుమాను కోసం చూసినట్టు నా కోసం చూస్తున్నాడు" అని నవ్వాడు. నాకు సిగ్గేసి లోపలికి వచ్చేశాను. ఈ కాగితం కూడా అతని లారీలోనే వస్తోంది. చేపల వాసన వేస్తే ఏమీ అనుకోకండి.

చీటీలో మూడు సంగతులు అడిగారు. అమ్మ మోకాలు ఎలా ఉంది, మందారం బతికిందా, నువ్వు ఫోన్లో వాయిస్‌లు పెట్టడం ఎందుకు మానేశావు అని. మూడింటికీ వరసగా జవాబు రాస్తాను. నేను చదివింది ఏడో తరగతి దాకానే కాబట్టి తప్పులుంటే సరిదిద్దుకుని చదవండి.

అత్తయ్యగారి మోకాలు కాస్త నయం. తాడేపల్లిగూడెంలో మీ చెల్లెలు శాలిని తీసుకెళ్ళి చూపించిన డాక్టరుగారు కింద కూర్చోవద్దన్నారట. "కింద కూర్చోకుండా కూరలెలా తరుగుతామండీ, మీ ఇంట్లో ఎవరు తరుగుతారు?" అని ఈవిడ ఆయన్నే అడిగి వచ్చారు. ఇప్పుడు పీట మీద పీట వేసుకుని కూర్చుంటున్నారు. పొద్దున్నే పూలసజ్జ పట్టుకుని పెరట్లోకి వెళ్ళడం మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు. దాళ్వా వరిచేను కోతకి వచ్చింది. కోతమిషను కోసం మామయ్యగారు రోజూ రోడ్డు మీదకి వెళ్ళి, పెళ్ళివారి బస్సు కోసం చూసినట్టు చూసి వస్తున్నారు.

ఇక మొక్కలు. కూరపాదులు బాగానే ఉన్నాయి. వంగమొక్కల తలలు వాలిపోతుంటే నీళ్ళు చాలట్లేదనుకుని రోజూ ఇంకో చెంబు పోశాను. ఎంత పోసినా వాలుతూనే ఉన్నాయి. ఒకరోజు విసుగొచ్చి వాలిన తల తుంచి చీల్చి చూస్తే, లోపల సన్నటి పురుగు హాయిగా పడుకుని ఉంది. అప్పటి నుంచి తల వాలడం కనిపిస్తే కిందికంటా తుంచి సబ్బునీళ్ళ బకెట్లో వేస్తున్నాను. కాయలు పుచ్చు లేకుండా దిగుతున్నాయి. నీళ్ళు తక్కువైనా, లోపల పురుగు చేరినా, మొక్క పైకి ఒక్కలాగే కనిపిస్తుందండీ. చీల్చి చూస్తేనే తెలిసేది.

మందారాల కథ పెద్దది. అత్తయ్యగారి ముద్దమందారం కుళాయి దగ్గర ఉంది కదా. నేను మా కలిదిండి నుంచి తెచ్చుకున్న రెక్కమందారం గేదెల పాక పక్కన వేశాను. ఆ కొమ్మ తెచ్చిన రోజు మీకు గుర్తుందా? తడిగోనెలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని మీ బండెక్కితే, "చంటిపిల్లేంటి, అలా పొదుముకున్నావ్" అన్నారు. మా నాన్న కాపలా ఉండే చేపల చెరువు గట్టు మీద, ఆ ఉప్పుమట్టిలో, పువ్వు అనేది పూసేది అదొక్కటే. అందుకని తెచ్చుకున్నాను.

మాఘమాసం వెళ్ళిపోతుండగా రెండు మందారాలకీ ఒకేసారి తెగులు పట్టుకుంది. చిగుళ్ళు ముడుచుకుపోయాయి. మొగ్గలు విచ్చకుండానే రాలిపోయాయి. ఆకుల అడుగున, మొగ్గల మెడల దగ్గర బియ్యప్పిండి అద్దినట్టు తెల్లగా. కింది ఆకుల మీద జిగురు, ఆ జిగురు మీద పొయ్యి మసిలాంటి నలుపు. అత్తయ్యగారు ఒక్కసారి చూసి, "ఆ మూడు రోజుల్లో ఎవరో ముట్టుకున్నారు" అన్నారు. ఇంట్లో ఆ మూడు రోజులు ఉండేది నాకొక్కదానికే. అప్పుడు పూలమొక్కలు, పచ్చడి జాడీలు ముట్టుకోకూడదని మీ ఇంట్లో నియమం. ముట్టుకుంటే మొక్క మాడిపోతుందని కాపరానికి వచ్చిన కొత్తలోనే చెప్పారు. ఎవరో అంటే ఎవరో తెలియడానికి పేరెందుకు? నేను తలొంచుకుని గిన్నెలు తోముకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆవిడ "ఎవరో" అనడం మానేసి నా పేరే అన్నారు. ఎందుకంటే, అదే మీరడిగిన మూడో సంగతి. రాయడానికి చెయ్యి ఆడట్లేదు గానీ రాస్తాను.

నేను మీకు ఆఖరుగా పెట్టిన వాయిస్ గుర్తుందా? గేదెల పాక వెనక్కి వెళ్ళి, గేదె తప్ప ఇంకెవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి చెప్పాను. "ఏవండీ, మొన్న గాలికి నా మందారం ఒరిగిపోతుంటే పరుగెత్తుకెళ్ళి గుడ్డపీలికతో కర్రకి కట్టానండీ. కట్టాక గుర్తొచ్చింది, నేను దూరంగా ఉన్న రోజని. దానివల్లే పోతోందంటారా? ఎవరికీ చెప్పకండి, మీ ఒక్కరికే చెబుతున్నాను." మీరు నవ్వే బొమ్మ పెట్టారు. "పిచ్చిదానా, దానికీ దీనికీ సంబంధమేంటి, నేనుండగా నీకెందుకు భయం" అని తిరిగి వాయిస్ పెట్టారు. అది నేను చాలాసార్లు విన్నాను. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఆ తర్వాతి శుక్రవారం శాలిని వచ్చింది. పక్కింటి శేషారత్నం పిన్నిగారు కూడా వసారాలో కూర్చున్నారు. నేను టీ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని గుమ్మం దాకా వచ్చాను. వసారాలో ఎవరో గుసగుసగా మాట్లాడుతున్నారు. ఎవరబ్బా, ఈ గొంతు ఎక్కడో విన్నానే అనుకున్నాను. నాదే.

"మీ ఒక్కరికే చెబుతున్నాను" అంటోంది. వెనకాల మన గేదె అరుపు కూడా వినపడింది.

శాలిని పగలబడి నవ్వింది. "అన్నయ్యే పంపాడమ్మా, మీ వదిన అమాయకత్వం విను అని. ఎంత ముద్దుగా చెబుతోందో చూడు!"

"మళ్ళీ పెట్టమ్మా, నాకు సగం వినపళ్ళేదు" అన్నారు శేషారత్నం పిన్నిగారు.

శాలిని మళ్ళీ పెట్టింది. అత్తయ్యగారు మాత్రం నవ్వలేదు. "నే చెప్పలా? ఎవరో ముట్టుకున్నారని చెప్పలా?" అన్నారు.

నేను బయటికి వచ్చి ముగ్గురికీ టీ ఇచ్చాను. పళ్ళెంలోకి ఒక్క చుక్క కూడా ఒలకలేదు. నన్ను చూసి శాలిని ఫోన్ బోర్లించి, "పంచదార బాగా సరిపోయింది వదినా" అంది.

ఆ రోజు నుంచి పూలమొక్కల దగ్గరికి నన్ను పూర్తిగా రావద్దన్నారు. కూరమొక్కలకి నీళ్ళు పొయ్యచ్చు, పురుగులు ఏరచ్చు. దేవుడికి వెళ్ళే మొక్కల మీద మాత్రం నా నీడ కూడా పడకూడదు. ఉగాది లోపల చిగురు వెయ్యకపోతే నా మందారాన్ని పీకి కాలవలో పారెయ్యమని మామయ్యగారితో చెప్పారు. మర్నాడు వీధి కుళాయి దగ్గర శేషారత్నం పిన్నిగారు, "అమ్మాయ్, మా జాజితీగ వైపు రాకమ్మా తల్లీ, ఇప్పుడే మొగ్గ తొడిగింది" అన్నారు. చాలా మర్యాదగానే అన్నారు. బిందె సగం నిండకుండానే ఎత్తుకుని వచ్చేశాను.

అత్తయ్యగారి మీద నాకు కోపం లేదండీ. ఆవిడ నమ్మేదేదో నా మొహం మీదే అంటారు. శాలిని మీద కొంచెం ఉంది. కానీ ఆ మాట నేను వాళ్ళిద్దరికీ చెప్పలేదు కదా. మీకు చెప్పాను. మీరు నా చెడు కోరి పంపలేదని తెలుసు. ముద్దొచ్చి పంపి ఉంటారు. కోపమొచ్చి పంపి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు కోపం తగ్గుతుందని ఊరుకునేదాన్ని. నేను భయపడి చెప్పింది మీకు ముద్దుగా వినపడింది. దాన్ని ఇంకొకరికి వినిపించి నవ్వుకోవాలనిపించింది. నేనుండగా నీకెందుకు భయం అన్న నోటితోనే. అది ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియట్లేదు.

ఫోన్లో మైకు పాడైందని మీతో అబద్ధం చెప్పాను, మీరు నమ్మక మళ్ళీ అడిగారు. మైకు బాగానే ఉంది. కాగితమైతే వేలితో నొక్కి ఇంకొకరికి పంపలేరు కదా అని ఉత్తరం మొదలుపెట్టాను. ఫోటో తీసి పంపచ్చని సగం రాశాక గుర్తొచ్చింది. అయినా ఆపకుండా రాస్తున్నాను.

మొక్క ఎలా బతికిందో చెబుతాను. మన వెనకింటి స్టెల్లా అక్క మీకు తెలుసు కదా, కనకాంబరాలు పెంచి మాలలు కట్టి అమ్ముతుంది. కంచె అవతల నుంచి నన్ను చూసి, "ఏంటి దుర్గా, మొహం అలా వేలాడేశావ్?" అంది.

"నా చేతివల్ల మొక్కలు పోయాయంట అక్కా."

"నీ చేతికంత మహిమ ఉంటే మా ఆయన చుట్టల కట్ట మీద ఓసారి వెయ్యి తల్లీ, నీకు పుణ్యం ఉంటుంది" అంది. నాకు ఏడుస్తూనే నవ్వొచ్చింది. తర్వాత, "కాండం మీద చీమలు పాకుతున్నాయా?" అని అడిగింది.

"బారులు బారులుగా."

"అయితే వాటిని తిట్టకు. వాటి వెనకాలే పో. ఎక్కడ ఆగితే అక్కడే ఉన్నాడు దొంగ."

అత్తయ్యగారు మధ్యాహ్నం కునుకు తీశాక వెళ్ళి చీమల వెంట కళ్ళు పెట్టుకుని చూశాను. చీమలు మొగ్గల మెడల దగ్గర ఆగాయి. అక్కడి తెల్లపిండిలో పురుగులున్నాయి. కదలవు, మెదలవు. రసం పీలుస్తూ అతుక్కుని ఉంటాయి. చీమ వచ్చి మీసంతో తట్టగానే తీపిచుక్క వదులుతాయి, చీమ అది తాగుతుంది. మనం గేదెని పెంచుకున్నట్టే. ఒక చిగురు ఎండిపోతే చీమలే వాటిని మోసుకెళ్ళి కొత్త చిగురు మీద దింపుతాయట. వాటిని పిండినల్లి అంటారని అక్క చెప్పింది.

ఆవిడ కునుకు తీసే వేళల్లోనే బాగా పట్టిన కొమ్మలు కోసి తగలబెట్టాను. మిగిలినవాటిని పాత టూత్‌బ్రష్ సబ్బునీళ్ళలో ముంచి తోమాను. పెద్దపెద్దవి తల్లులనుకుని ముందు వాటినే ఏరి చంపాను. ఒంటి నిండా తెల్లటి కుచ్చులతో మిగతావాటికి రెండింతలు ఉన్నాయి. డబ్బామూతలో వేసుకుని గర్వంగా స్టెల్లా అక్కకి చూపిస్తే నెత్తి కొట్టుకుంది. "అయ్యయ్యో, పోలీసోళ్ళని చంపేసి దొంగల్ని వదిలేశావు కదే!" అంది. ఆ పెద్దవి చిన్నవాటిని తినే పురుగులట. పెరిగాక గుండ్రటి చిన్న పెంకుపురుగులవుతాయట. పీల్చేవి కదలవు, ఇవి చకచకా పరుగెత్తుతాయి. ఒంటి మీద తెలుపు చూసి పోల్చుకోకూడదట, ఏం తింటోందో చూసి పోల్చుకోవాలట. మళ్ళీ చూస్తే ఇంకా కొన్ని ఉన్నాయి. వాటి జోలికి పోలేదు.

అక్కకీ అన్నీ తెలియవు. ఆవిడ చెప్పినట్టు కలిపిన సబ్బునీళ్ళు చిక్కనై లేతాకులు మాడిపోయాయి. "నాకూ తెలీదమ్మా, ఫోన్లో చూసి చెప్పాను" అని నాలిక్కరుచుకుంది. పల్చగా కలిపి, కాస్త వేపనూనె చేర్చి, ఎండ తగ్గాక ఆవిడ చూడకుండా కొట్టాను. మామయ్యగారి మోపెడ్‌కి వాడే గ్రీజు గుడ్డకి రాసి, పైకి కనపడకుండా కాండం మొదట్లో చుట్టూ కట్టాను. చీమలు అక్కడిదాకా వచ్చి తచ్చాడి వెనక్కి పోయాయి. కాపలా కాసే చీమలు రాకపోయేసరికి తినే పురుగులు నిర్భయంగా తిన్నాయి.

అత్తయ్యగారి ముద్దమందారం మీద మామయ్యగారు వరిచేలో మిగిలిన మందు కొట్టారు. రెండు రోజులు శుభ్రంగా కనిపించింది. నేలంతా పురుగులు రాలాయి. వాటిలో ఆ పరుగెత్తేవి, సాలీళ్ళు కూడా ఉన్నాయి. చీమలు మాత్రం మళ్ళీ ఎక్కాయి, తెలుపు ఇదివరకటికన్నా ఎక్కువైంది. మామయ్యగారితో చెబుదామని గుమ్మం దాకా వెళ్ళాను. నోరు రాక, "మజ్జిగ కావాలాండీ" అని అడిగి వచ్చేశాను. ఆ మొక్క ఇప్పుడు కట్టెపుల్లలా ఉంది.

ఉగాదికి నా మందారం చిగురు వేసింది. ఇప్పుడు రోజూ చెట్టు నిండా ఎర్రగా పూస్తోంది. అత్తయ్యగారు కుళాయి దగ్గర మొక్కలో ఒక్క పువ్వూ లేక, నా మొక్క పూలే సజ్జ నిండా కోసుకుని అమ్మవారికి పెడుతున్నారు. రెండింటికీ పసుపునీళ్ళు చల్లింది ఆవిడే కాబట్టి, దాని మహిమే అనుకుంటున్నారు. "చూశావా అమ్మాయ్, నువ్వు చెయ్యి పెట్టకపోతే ఎలా విరగబూసిందో!" అన్నారు మొన్న. "అవునండీ అత్తయ్యగారూ" అన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇంతసేపూ దీని కోసమే కాగితం నింపాను.

ఆ మందారాన్ని బాగుచేస్తుండగా నాకు ఆ మూడు రోజులు వచ్చాయి. మానేద్దామనే అనుకున్నాను. కానీ గ్రీజు మీద దుమ్ము పేరుకుని, చీమలు కట్టు దాటి ఎక్కడం పాక దగ్గర నిలబడితే కనిపించింది. ఆగితే పడ్డ పాటంతా వృథా. వెళ్ళాను. కట్టు మార్చి వచ్చాను. మొక్క వాడిపోతుందేమోనని రోజూ చూశాను. వాడలేదు.

తరవాతి నెల కావాలనే వెళ్ళాను. కొమ్మకొమ్మా, మొగ్గమొగ్గా అరచేత్తో తడిమాను. పోతే పోనీ, నిజం తెలుస్తుంది కదా అనుకున్నాను. మా పుట్టింట్లో గట్టు మీద ఒక్కటే గది. ఆ రోజుల్లో మా అమ్మ దూరంగా కూర్చుందామన్నా చుట్టూ చెరువే. అన్నీ ముట్టుకుంటూనే బతికింది, అన్నీ బతికాయి. ఈ మాట మీ ఇంట్లో ఎప్పుడూ అనలేదు.

నేను తడిమిన మొగ్గలే విచ్చాయి. అవే అత్తయ్యగారి సజ్జలోకి, అక్కణ్ణుంచి అమ్మవారి పటానికి వెళ్ళాయి. మొదటిరోజు వంటింట్లోంచే దణ్ణం పెట్టి క్షమించమని అడిగాను. తర్వాత అడగడం మానేశాను. అమ్మవారికి అభ్యంతరం ఉన్నట్టు నాకు కనిపించలేదు.

ఇది స్టెల్లా అక్కకి కూడా తెలియదు. మా అమ్మకి తెలియదు. మీ ఒక్కరికే చెబుతున్నాను. ఈ మాట మీతో ఇదివరకు ఒకసారి అన్నాను. అప్పుడు నమ్మకంతో అన్నాను. ఇప్పుడు తెలుసుకోవాలని అంటున్నాను.

ఉత్తరం మీ చేతిలో పెట్టగానే వెంకట్రాజు అన్నయ్య నాకు ఫోన్ చేస్తానన్నాడు. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే వంటింటి కిటికీ దగ్గర నిలబడతాను. అత్తయ్యగారు సజ్జ పట్టుకుని వచ్చి నా మందారం దగ్గర ఆగి పూలు కోసుకుంటే, ఈ కాగితం మీ దగ్గరే ఆగిందని తెలుస్తుంది. మీరు వచ్చాక, మీరు చాలనేదాకా మాట్లాడతాను. మీతో చెప్పుకోవాలని దాచుకున్నవి చాలా ఉన్నాయి.

ఆవిడ ఆగకుండా పక్కనుంచి వెళ్ళిపోతే కూడా తెలుస్తుంది. ఆ సాయంత్రానికి మొక్క కాలవలో ఉంటుంది. నన్ను కలిదిండి పంపేస్తారో, ఉంచుతారో వాళ్ళిష్టం. ఉంచితే మీకు ఏ లోటూ చెయ్యను. ఫోన్ చేస్తే ఊఁ అంటాను. భోంచేశారా అని అడుగుతాను. వచ్చినప్పుడు మీకిష్టమైనవి వండి పెడతాను. అంతకు మించి ఒక్క మాట కూడా నా నోట్లోంచి మీ చెవిలోకి రాదు. మీకు ఆ తేడా కూడా తెలియకపోవచ్చు.

గ్రీజు అయిపోవచ్చింది, రేపు మళ్ళీ కట్టు మార్చాలి. ఎండలు ముదురుతున్నాయి. తలకి తువ్వాలు కట్టుకోవడం మరిచిపోకండి.

ఇట్లు,
మీ ఇంటావిడ,
సాయిదుర్గ